సరంగు మాట వినని తలుపులు

మా లేబ్‌లో ఐసు మెషీన్ చెడిపోయి పద్నాలుగు నెలలైంది. మెకానిక్ వచ్చాడు, మూత తీసి చూశాడు, "కంప్రెసర్ పోయిందండీ" అని చెప్పి మూత పెట్టి వెళ్ళిపోయాడు. తర్వాత కొటేషన్లు, వాటి మీద సంతకాలు, సంతకాల మీద అభ్యంతరాలు. ఇప్పుడు ఆ మెషీన్ మీద ఎవరిదో గొడుగు, ఒక హెల్మెట్, పాత కేలండర్ల కట్ట ఉన్నాయి. దాని పక్క నుంచి నడిచినప్పుడల్లా ఒక తన్ను తన్నాలనిపిస్తుంది. ఒకసారి తన్నాను కూడా. నా కాలే వాచింది.

ఐసు లేకపోతే ఏం మునిగిపోయిందని మా చుట్టాలు అడుగుతారు. నా పీహెచ్‌డీ మునిగిపోతుంది. నేను పని చేసేది కిడ్నీ కణాల మీద. ఒంట్లో పొటాషియం ఎక్కువైతే దాన్ని మూత్రంలోకి తోసెయ్యడం కిడ్నీ పని. కిడ్నీలోని సన్నటి గొట్టాల చివరి భాగంలో, కణాల గోడల మీద, పొటాషియం మాత్రమే దూరగలిగే చిన్న దారులుంటాయి. వాటిని చానెళ్ళు అంటాం. అవి ఎప్పుడూ ఒకే లెక్కలో ఉండవు. కైనేజ్‌లని కొన్ని ఎంజైములున్నాయి. అవి చానెల్‌కి ఒక ఫాస్ఫేట్ ముక్క అంటిస్తాయి. ఏ కైనేజ్ అంటించింది, ఎక్కడ అంటించింది అన్నదాన్ని బట్టి ఆ చానెల్ కణం గోడ మీదికి వచ్చి నిలబడుతుంది, లేదా లోపలికి పోయి దాక్కుంటుంది. తిండిలో పొటాషియం పెరిగినప్పుడు ఏ కైనేజ్ ఏ చానెల్‌ని ఎప్పుడు పైకి పంపుతుంది? ఇదీ నా ప్రశ్న. అయిదేళ్ళుగా ఇదే ప్రశ్న. నాతో ఎంఎస్సీ చదివినవాళ్ళ పిల్లలు బడికి వెళ్తున్నారు.

కణాలను పగలగొట్టగానే ఆ ఫాస్ఫేట్ ముక్కలను ఊడబెరికే ఎంజైములు కూడా బయటపడతాయి. మొదటి నిమిషం నుంచీ మంచులో ఉంచకపోతే నేను వెతికే గుర్తు నా కళ్ళముందే చెరిగిపోతుంది. పాడైపోయిందని వాసన కూడా రాదు. రెండు రోజులు కష్టపడ్డాక చివర్లో ఫిల్ము మీద చారలు కనిపించాలి, తెల్లగా ఖాళీగా కనిపిస్తుంది. అంతే. మా గైడ్ ఆ ఖాళీ ఫిల్ముని లైటుకేసి పట్టుకుని, తలకిందులుగా కూడా పట్టుకుని చూసి, "మళ్ళీ చెయ్యమ్మా" అంటారు. ఆయనకి ఆ రెండు మాటలూ తప్ప వేరే మాటలు రావేమోనని నాకు చాలాసార్లు అనుమానం వచ్చింది.

అలాంటి రోజుల్లో ఐసు సమస్య తీర్చింది మా నాన్న. ఆయన ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటు మీద సరంగు. అంటే బోటు నడిపించేవాడు. బోటు వేరొకరిది, మాట మాత్రం ఆయనది. వల ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు లాగాలో ఆయన చెప్తే కలాసీలు చేస్తారు. బోటు వేటకి వెళ్ళేముందు అడుగున ఉన్న అరల్లో ఐసు నింపుకుంటారు కదా, ఆ ఐసు ఫ్యాక్టరీ వాళ్ళతో ఆయనకి ముప్ఫై ఏళ్ళ స్నేహం. ఒడ్డున ఉన్న రోజుల్లో పొద్దున్నే తెల్లటి థర్మోకోల్ డబ్బా నిండా దంచిన ఐసు వేయించుకుని, మోపెడ్ మీద ముందు పెట్టుకుని, బీచ్ రోడ్డు మీదుగా యూనివర్సిటీకి తెచ్చి ఇచ్చేవాడు. ఆయన వేటకి పోయినప్పుడు నేనే వెళ్ళి తెచ్చుకునేదాన్ని. ఆ డబ్బా ఎంత కడిగినా నీచు వాసన పోయేది కాదు. మా లేబ్‌లో మిగతావాళ్ళు ముక్కు మూసుకున్నట్టు నటించి, కాసేపయ్యాక గిన్నె పట్టుకుని, "కొంచెం ఐసు ఉందా" అని నా దగ్గరికే వచ్చేవాళ్ళు. సిగ్గు లేకపోతే సరి.

ఒకరోజు నాన్న డబ్బా దించి, లేబ్ గుమ్మం దగ్గరే నిలబడి, "ఈ ఐసేసి నువ్వు సేసీదేటమ్మా?" అని అడిగాడు. లోపలికి రమ్మంటే చెప్పుల ఇసుక చూపించి రానన్నాడు. అక్కడే నిలబడి చెప్పాను. ఇంటివాళ్ళతో మాట్లాడేటప్పుడు నా నాలుక దానంతట అదే పేట భాషలోకి జారిపోతుంది. "కిడ్నీలో సిన్న సిన్న తలుపులుంటాయయ్యా. ఒంట్లో ఎక్కువైన పొటాషియం ఆ తలుపుల్లోంచే బయటికి పోవాలి" అన్నాను.

"తలుపు ఎవుడు తీత్తాడు?"

"కైనేజ్ అని ఒకటుంటాది. అది వచ్చి గుర్తేస్తే తలుపు పైకి వస్తాది. తెరుసుకుంటాది."

నాన్న గుమ్మానికి ఆనుకున్నాడు. "అయితే ఆడు సరంగన్నమాట. ఆడు సెప్పాల, కలాసీలు తియ్యాల."

అయిదేళ్ళలో నా పనిని అంత తేలిగ్గా అర్థం చేసుకున్నవాడు ఇంకొకడు కనిపించలేదు. మా గైడ్‌తో సహా. "మరి ఆ సరంగుకి ఎవుడు సెప్తాడు?" అని కూడా అడిగాడు. హార్మోన్ చెప్తుందన్నాను. ఒంట్లో పొటాషియం పెరిగితే ఒక హార్మోన్ బయల్దేరుతుంది. అది వచ్చాకే నేను పట్టుకు వేలాడుతున్న కైనేజ్ తయారవుతుంది. "ఓనరన్నమాట" అన్నాడు నాన్న, మోపెడ్ స్టార్టు చేస్తూ. ఈ మాటలన్నీ మనసులో పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, అదే నా కోపం.

ఆ చలికాలం నాన్న పాదాలు వాచాయి. సీతమ్మధారలో ఒక కిడ్నీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. బీపీ ఎన్నాళ్ళుగా ఉందో ఎవరికీ తెలియదు. సముద్రం మీద బీపీ ఎవరు చూస్తారు? కిడ్నీలు రెండూ సగానికి పైగా దెబ్బతిన్నాయని ఆవిడ నిదానంగా చెప్పారు. ఒక బీపీ మాత్ర రాశారు. "కిడ్నీని కాపాడే మాత్ర ఇది, మానకూడదు. ఉప్పు బాగా తగ్గించాలి. నెలకోసారి రక్తపరీక్ష" అన్నారు. నాన్న అడిగింది ఒకే ఒక్క మాట. "బోటు మీదకి ఎల్లొచ్చా అమ్మా?" పరీక్షలు సవ్యంగా ఉన్నంతకాలం వెళ్ళొచ్చన్నారావిడ. మిగతాదేదీ ఆయన చెవికెక్కలేదు.

ఉప్పు తగ్గించమని చేపలవాళ్ళ ఇంట్లో చెప్పడమంటే ఊపిరి తగ్గించమని చెప్పడమే. అమ్మ నాలుగు రోజులు ప్రయత్నించింది. నాన్న నాలుగు రోజులు పళ్ళెం ముందు కూర్చుని గోడకేసి చూశాడు. అయిదో రోజు అమ్మ ఏడ్చింది. "ఉప్పు లేని కూర ఎలగ తింతాడే, మీ అయ్య సిక్కిపోతన్నాడు" అంది. నేను మహా తెలివైనదాన్ని కదా, సూపర్‌మార్కెట్‌కి వెళ్ళి ఒక ఉప్పు పేకెట్ తెచ్చాను. మీద ఎర్రటి గుండె బొమ్మ, 'తక్కువ సోడియం' అని పెద్దక్షరాలు. చెడంతా సోడియంలోనే కదా, అది తగ్గితే సరి. నాలుగు పేకెట్లు తెచ్చి అమ్మ చేతికిచ్చి, "ఇది మామూలు ఉప్పు కాదు, బీపీ ఉన్నోళ్ళ కోసమే సేసింది. అయ్యకి ఇది వెయ్యి" అన్నాను. అమ్మ దాన్ని వేరే సీసాలో పోసి, మూతకి ఎర్ర దారం కట్టి, 'అయ్య ఉప్పు' అని పేరు పెట్టింది. ఆయన కూర వేరే గిన్నెలో వండేది. మాకు మామూలు ఉప్పు, ఆయనకి అయ్య ఉప్పు. నాన్న బోటు ఎక్కేటప్పుడు కూడా చిన్న పొట్లం కట్టి ఇచ్చేది.

అక్కడితో ఆగినా కొంత నయమే. వేసవిలో వేట నిషేధం వస్తుంది. చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు బోట్లన్నీ కట్టేస్తారు. మా పేటలో ఆ రెండు నెలలకీ ముందే ఎండుచేప చేసి పెట్టుకోవడం అలవాటు. ఎవరింట్లో ఎవరు ఉప్పు పట్టిస్తారో, ఆ ఇంటి ఎండుచేపకి వాళ్ళ చేతి రుచే వస్తుంది. అమ్మ ఆ ఏడాది కానాగంత చేపల్ని రెండు కుండలుగా ఊరబెట్టింది. ఒక కుండ రాళ్ళ ఉప్పుతో, ఒక కుండ అయ్య ఉప్పుతో. పేకెట్లు అయిపోతే నేనే ఇంకో ఆరు తెచ్చిచ్చాను. డాబా మీద రెండు వరసలుగా ఎండబెట్టి, పోర్టు వైపు నుంచి వచ్చే ధూళి పడకుండా పాత దోమతెర కప్పింది. "సూడు, మీ అయ్యకి కూడా ఎండుసేప తినీ రాత రాసి పెట్టుంది" అని ఎంత సంబరపడిందో. నేను కూడా సంబరపడ్డాను. ఆ సంబరం తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపల మీద వాయించుకోవాలనిపిస్తుంది.

మొదటి నెల రక్తపరీక్ష బాగానే వచ్చిందని తర్వాత నెలల్లో చేయించడం మానేశాం. నిషేధం మొదలయ్యాక నాన్న ఇంట్లోనే. మూడు పూటలా అన్నం, ఎండుచేప. ఎండకి హార్బర్‌లో ఎవరో ఒకరు కొబ్బరిబోండాం కొట్టి చేతికిచ్చేవాళ్ళు. కాళ్ళు లాగుతున్నాయని అనేవాడు. బోటు లేకపోతే సరంగుకి కాళ్ళు లాగకేం చేస్తాయని మేం నవ్వేవాళ్ళం.

ఒక పొద్దున్న తొమ్మిదైనా ఐసు రాలేదు. ఆరోజు నేను పెద్ద ప్రయోగం పెట్టుకున్నాను. ఒక వరస కణాలకి పొటాషియం తక్కువ ద్రావణం, ఒక వరసకి ఎక్కువ ద్రావణం. పదింటికల్లా మంచు మీద ఉండాలి. తొమ్మిదింపావుకి ఫోన్ చేశాను, ఎత్తలేదు. తొమ్మిదిన్నరకి మళ్ళీ చేశాను. ఎత్తగానే, "ఇంత లేటేటయ్యా, నా పనంతా పాడైపోనాది!" అని అరిచాను. ఎత్తింది నాన్న కాదు, ఆయన కలాసీ. "బావ పడిపోనాడమ్మా. ఐసు ఫ్యాక్టరీ కాడ. కాళ్ళు లెగడం లేదంటన్నాడు" అన్నాడు.

నేను వెళ్ళేసరికి నాన్నని ఆటోలో ఎక్కిస్తున్నారు. డబ్బా పగిలిపోయి ఐసంతా సిమెంటు మీద కరిగిపోతోంది. నన్ను చూసి మొదట అన్నమాట, "ఇంకో డబ్బా అడుగు, ఇత్తారు" అని.

పెద్దాసుపత్రిలో ఈసీజీ తీసిన డాక్టరు కాగితం చూసి పరిగెత్తాడు. ఆ గీతల్లో కోసుగా నిలబడ్డ శిఖరాలు నేను పుస్తకాల్లో చూసినవే. అయిదు దాటకూడని పొటాషియం ఏడు దాటింది. కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చారు, గ్లూకోజ్‌తో పాటు ఇన్సులిన్ ఎక్కించారు. గుండె ఆగిపోయేదని చెప్పారు. ఆ తర్వాత ఆ కుర్రడాక్టరు మంచం పక్కనే నిలబడి అమ్మని ప్రశ్నలడిగాడు. అరటిపళ్ళు తింటాడా? పాలకూర? కొబ్బరినీళ్ళు?

"కొబ్బరిబోండం తాగుతాడు బాబూ" అంది అమ్మ, దొరికిపోయినదానిలా.

అంతే. అందరికీ దోషి దొరికేసింది. డాక్టరు తల పంకించాడు, నర్సు "అయ్యో" అంది. నేను మాత్రం అక్కడితో ఆగలేదు. వార్డంతా వింటుండగా ఒక ఉపన్యాసం ఇచ్చాను. కిడ్నీ సగం పోయినవాడికి తలుపులు తక్కువుంటాయని, బీపీ మాత్ర వల్ల ఆ హార్మోన్ తగ్గుతుందని, హార్మోన్ తగ్గితే కైనేజ్ తగ్గుతుందని, కైనేజ్ లేకపోతే తలుపు తెరిచేవాడే లేడని, అలాంటివాడికి బోండాం తాగించడమేమిటని. నా థీసిస్ మొదటి అధ్యాయం మొత్తం మా అమ్మ మీద వదిలాను. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. పక్క మంచం మీదాయన కూడా విన్నాడు. నాన్న కళ్ళు తెరిచి, "అయితే నా సరంగు పడుకున్నాడా ఏటి?" అని నవ్వడానికి ప్రయత్నించాడు. నాకు నవ్వు రాలేదు. భయం వేసినప్పుడు నాకు కోపమే వస్తుంది, అది నా జబ్బు.

నాలుగు రోజులకి ఇంటికి పంపారు. సీతమ్మధార డాక్టరమ్మ బీపీ మాత్ర సగం చేశారు. "నిషేధం అయిపోయేలోపు రెండు పరీక్షలు చేద్దాం. రెండూ బాగుంటే బోటెక్కండి" అన్నారు. నాన్న ఆ రోజు నుంచి కొబ్బరిచెట్టు నీడలో కూడా కూర్చోలేదు. ఎవరైనా బోండాం ఇవ్వబోతే, "నాకొద్దు బావా, మా అమ్మాయి సంపేస్తాది" అనేవాడట. అరటిపండు, పాలకూర, బంగాళాదుంప, టమాటా అన్నీ ఆగిపోయాయి. అమ్మ కూరల్లో ఇంక మిగిలిందేమిటి? ఎండుచేప, అన్నం. అయ్య ఉప్పు.

మొదటి పరీక్షలో పొటాషియం మళ్ళీ పెరిగింది.

రిపోర్టు పట్టుకుని నేను తిన్నగా హార్బర్‌కి వెళ్ళాను. నాన్న నలుగురు స్నేహితులతో కూర్చుని వల చిరుగులు కుడుతున్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆగాల్సింది. ఆగలేదు. "మళ్ళీ తాగుతున్నావు కదయ్యా?" అన్నాను.

"నేదమ్మా. సుక్క ముట్టలేదు."

"అబద్ధమాడకు. రిపోర్టు అబద్ధమాడదు."

"గంగమ్మ తల్లి మీద ఒట్టు. నాను తాగలేదు."

మా నాన్న సముద్రాన్ని ఒట్టులోకి లాగడం నా జన్మలో వినలేదు. వేటకి పోయేవాళ్ళు ఆ పేరు మీద ఒట్టు పెట్టుకోరు, మళ్ళీ ఆ నీళ్ళ మీదికే కదా వెళ్ళాలి. పక్కనున్న ముసలాయన సూది ఆపేసి తల దించుకున్నాడు. నాకు అది అర్థం కాలేదా? అర్థమైంది. అయినా, "ఒట్లెందుకు, నీ రక్తమే సెప్తంది" అనేసి కాగితం ఆయన ఒళ్ళో పడేసి వచ్చేశాను. ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం మాత్రం వెనక్కి తిరిగి చూశాను.

ఆ వారమంతా నాకు అందరి మీదా కోపమే. ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. లేబ్‌లో పొటాషియం క్లోరైడ్ సీసా తీసి తెల్లటి పొడి తూకం వేస్తూ, నీళ్ళలో కలుపుతూ, ఎక్కువ పొటాషియం ద్రావణం తయారుచేస్తూ, నాన్న దొంగతనంగా ఎక్కడ ఏం తాగుతున్నాడో అని ఆలోచించేదాన్ని. ఆ సీసా చేతిలో ఉండగానే. రెండో పరీక్ష కూడా చేయించాం. అది మొదటిదానికంటే ఎక్కువ వచ్చింది. డాక్టరమ్మ ఈసారి మెల్లగా కాకుండా ఖచ్చితంగానే చెప్పారు. నడిసముద్రంలో గుండె తడబడితే ఒడ్డుకి తెచ్చేవాడుండడు, ఈ సీజనుకి బోటు వద్దన్నారు. బోటు ఓనరు మంచివాడే. ఇంటికొచ్చి, టీ తాగి, ఇంకో సరంగుని మాట్లాడుకున్నానని చెప్పి వెళ్ళాడు. నాన్న ఆయన్ని వీధి చివరిదాకా సాగనంపి వచ్చి, డాబా మెట్ల మీద కూర్చున్నాడు.

ఆ మర్నాడు మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు. ఆకలి మండిపోతోంది. పొయ్యి దగ్గర చిన్న గిన్నెలో ఎండుచేప పులుసు కనిపిస్తే అన్నంలో వేసుకుని కలిపాను. ఒక ముద్ద పెట్టుకున్నానో లేదో నాలుక ముడుచుకుపోయింది. ఉప్పుగానే ఉంది, కానీ వెనక ఏదో చేదు, ఇనపముక్క నాకినట్టు. పులుసు చెడిపోయిందనుకున్నాను. అమ్మ బకెట్టుతో నీళ్ళు పట్టుకుని లోపలికి వచ్చింది.

"అది మీ అయ్య గిన్నె. నువ్వెందుకు తిన్నావు?" అంది.

"ఏటిది, ఇంత సేదుగా ఉంది?"

"నువ్వు తెచ్చిన ఉప్పే గదా."

అలమర మీద ఎర్రదారం కట్టిన సీసా, పక్కనే సగం ఖాళీ అయిన పేకెట్. పేకెట్ వెనక్కి తిప్పాను. మీద గుండె బొమ్మ పక్కన తెలుగులో పెద్దక్షరాలు, వెనక ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలు. సోడియం క్లోరైడ్. ఆ తర్వాత, పొటాషియం క్లోరైడ్. దాని కింద, కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరుని అడక్కుండా వాడరాదు అని.

సోడియం తగ్గించిన చోట ఇంకేదో పెట్టాలి కదా. ఏం పెడతారనుకున్నాను? ఇన్నాళ్ళూ నేను లేబ్‌లో తూకం వేసిన పొడీ, మా అమ్మ పులుసులో వేసిన పొడీ ఒకటే. కణాలకి ఎక్కువ పొటాషియం పోస్తే ఏమవుతుందని అయిదేళ్ళుగా నేను గిన్నెల్లో చూస్తున్నాను. ఇంట్లో నాలుగు నెలలుగా మా నాన్నకి అదే పోశాను. తేడా ఏమిటంటే, లేబ్‌లో ప్రయోగానికి ముందు సీసా మీద పేరు రెండుసార్లు చదువుతాను. ఇంగ్లీషు పేపర్లు వందల కొద్దీ చదివినదాన్ని, ఒక ఉప్పు పేకెట్ వెనక చదవలేదు. నా మీద నాకు వచ్చిన కోపానికి పళ్ళెం విసిరికొట్టాను. అన్నం గోడ మీద పడింది. అమ్మ బెదిరిపోయింది.

అమ్మకి చెప్పాను. ఈసారి ఉపన్యాసం రాలేదు. ఈ ఉప్పులో ఉన్నదే ఆ విషం, బోండాం కాదు, అయ్య తాగలేదు, నువ్వూ ఏ తప్పూ చెయ్యలేదు, నేనే తెచ్చాను అన్నాను. అమ్మ చాలాసేపు నిలబడి విన్నది. ఆ నెల రోజులుగా ఆవిడ పేటలో ఎవరికీ మొహం చూపించలేదు. మొగుడికి తిండి పెట్టడం చేతకాక పడేసిందన్న మాట మోసింది. నన్ను ఒక్కమాట అనలేదు. అంటే బాగుండేది. గోడ మీద అన్నం తుడిచి, సీసాకున్న ఎర్రదారం విప్పి, పేకెట్ నా చేతిలో పెట్టింది.

"మీ అయ్యకి నువ్వే సెప్పు. హార్బర్ కాడ ఉంటాడు" అంది.

ఆ అర్ధరాత్రితో నిషేధం అయిపోతుంది. జెట్టీ అంతా తిరునాళ్ళలా ఉంది. బోట్లకి రంగులు, పూలదండలు, కొబ్బరికాయలు. డీజిల్ డ్రమ్ములు దొర్లుతున్నాయి, ఐసు మరలోంచి ముక్కలు జల్లున బోట్ల అరల్లోకి పడుతున్నాయి. నాన్న ఒక తాడు చుట్ట మీద కూర్చుని తన బోటుకేసి చూస్తున్నాడు. ముహూర్తం చూసుకుని కొందరు ఆ సాయంత్రమే లంగరు తీసి జెట్టీ చివరికి జరుగుతున్నారు. ఆయన బోటు మీద, చుక్కాని దగ్గర, ఎవరో కొత్తాయన నిలబడి ఉన్నాడు.

నేను నాన్న పక్కన కూర్చున్నాను. పేకెట్ తీసి చూపించాను. చెప్పాల్సింది చెప్పాను. ఇందులో పొటాషియం ఉంది, దీనివల్లే పడిపోయావు, రెండోసారీ మూడోసారీ పెరిగింది దీనివల్లే, నువ్వు ఒట్టేసినా నమ్మలేదు, నలుగురిలో అరిచాను, నీ బోటు పోయింది నా వల్ల అన్నాను. ఏడుస్తున్నానని కూడా నాకు తెలియలేదు.

నాన్న పేకెట్ తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఆయనకి ఆ అక్షరాలు రావు. గుండె బొమ్మ మీద బొటనవేలు పెట్టి రుద్దాడు.

"సేదుగానే ఉండీదమ్మా ఇది. మొదటిరోజే తెలిసినాది నాకు" అన్నాడు.

"మరి సెప్పలేదేటయ్యా? ఒక్కమాట సెప్తే నాను సూసేదాన్ని గదా!" అప్పటికీ నా గొంతులో కోపం పోలేదు.

"నువ్వు తెచ్చినావు గదా. కిడ్నీల సదువు సదివినదానివి. నాకేటి తెలుసు? మందనుకున్నాను. మందు సేదుగానే గదా ఉంటాది." ఆయన బోటుకేసే చూస్తూ చెప్తున్నాడు. "బేగి తగ్గిపోతే బోటెక్కొచ్చని, మీ అమ్మ సూడకుండా అన్నం మీద ఇంకొంచెం జల్లుకునీవోడిని."

తలుపులు, కైనేజ్‌లు, హార్మోన్లు, ఏవీ నోటికి రాలేదు.

బోటు మీద కొత్త సరంగు ఏదో కేక వేశాడు. కలాసీలు తాడు వదిలారు. ఇంజను పొగ మా మీదికి కొట్టింది. నాన్న లేచి నిలబడి, ఐసు మర దగ్గరున్న మనిషికి చెయ్యెత్తి, "ఒక గంప ఇలగ పడీ బావా, మా అమ్మాయి డబ్బాకి!" అని అరిచాడు. కొత్త డబ్బా ఆయన మోపెడ్‌కి అప్పటికే కట్టి ఉంది. ఐసు నిండాక ఆయన ఎత్తబోయాడు, నేను ఎత్తనివ్వలేదు. నేనే రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. ఆయన బోటు మిగతా బోట్ల మధ్యలోంచి మెల్లగా మలుపు తిరిగి జెట్టీ చివరికి చేరింది. నేను కదల్లేదు.

"బేగి ఎల్లమ్మా" అన్నాడు మా నాన్న. "ఐసు కరిగిపోతాది."